కన్నం దొరికేదాకా గ్యాస్ కొట్టని మేస్త్రి

మేస్త్రిగారు పోయారని గురువారం పొద్దున ఫోన్ వచ్చింది. చేసింది ఆయన అల్లుడు. "మామయ్యగారి ఫోన్లో మీ నంబరు 'పామర్రు తెల్ల కారు' అని ఉందండీ. మీ పేరు తెలీదు. ఉన్న నంబర్లన్నిటికీ చెబుతున్నాం" అన్నాడు. ముందురోజు షెడ్డుకి బయల్దేరబోతూ, చొక్కా గుండీలు పెట్టుకుంటూ కూలబడ్డారట. ఆసుపత్రిదాకా కూడా ఆగలేదట. నేను "సరే బాబూ" అని పెట్టేశాను. పెట్టేశాక, ఆ మనిషికి ఓదార్పు మాట ఒక్కటైనా చెప్పలేదని గుర్తొచ్చింది.

ఆయన పేరు నేనూ ఏనాడూ అడగలేదు. నాకు ఆయన మేస్త్రిగారు. ఆయనకి నేను పామర్రు తెల్ల కారు. నాలుగేళ్లు అలాగే గడిచాయి.

విజయవాడ ఆటోనగర్లో కార్ల ఏసీలు బాగుచేసేవారాయన. అందులోనూ పాత కార్లవి. కొత్త కార్లవాళ్లు అద్దాల షోరూములకి పోతారు. పదిహేనేళ్లు దాటిన బండ్లు, ఇంకెవరూ ముట్టుకోనివి, ఆయన రేకుల షెడ్డు ముందు వరసకట్టి ఉండేవి. అలాంటి మనిషి గురించి పత్రికలో రాయడమేమిటని కొందరికి అనిపించవచ్చు. చదివాక వాళ్లే తేల్చుకోవాలి.

నేను ఇరిగేషన్ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. మాకు పిల్లలు లేరు. రిటైరైన రెండో ఏడు మా ఆవిడకి మూత్రపిండాలు పనిచేయడం మానేశాయి. సోమవారం, గురువారం బెంజ్ సర్కిల్ దగ్గరి ఆసుపత్రిలో డయాలసిస్. పామర్రు నుంచి ఉయ్యూరు, కంకిపాడు మీదుగా గంటన్నర ప్రయాణం. వారానికి రెండుసార్లు పోనూ రానూ.

డయాలసిస్ మీద ఉన్నవాళ్లు ఎంత దాహమేసినా తాగకూడదు. తాగిన నీరు బయటికి పోదు, ఒంట్లోనే నిలిచి ఊపిరికి అడ్డం పడుతుంది. రోజు మొత్తానికి ఆవిడకి ఒక చిన్న గ్లాసు. అందులోనే మాత్రలు కూడా వేసుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో మా కృష్ణా జిల్లా ఉక్కపోత తెలిసినవాళ్లకి ఇక వివరించక్కర్లేదు. కిటికీలు తీస్తే వడగాలి, మూస్తే ఉడుకు. ఆవిడ చిన్న ఫ్లాస్కులో ఐసుముక్కలు తెచ్చుకుని ఒక్కొక్కటే బుగ్గన పెట్టుకునేది. కంకిపాడు రాకముందే అవి అయిపోయేవి. కారులో చల్లగాలి ఉందా లేదా అన్నది మాకు సుఖానికి సంబంధించిన సంగతి కాదు.

మా కారు ఏసీకి గ్యాస్ నిలిచేది కాదు. మూడు చోట్ల కొట్టించాను. కొట్టించిన రోజు మంచులా వచ్చేది. తరవాత నెమ్మదిగా ఉత్తగాలి. చివరికి ఆసుపత్రిలో మాలాగే వచ్చే ఒకాయన ఈ షెడ్డు గుర్తులు చెప్పాడు. ఒక మంగళవారం ఆవిడని కూడా తీసుకునే వెళ్లాను. "ఇంట్లో కూచుంటే దాహమే గుర్తొస్తది, నేనూ వస్తా" అంది.

మేస్త్రిగారు సన్నటి మనిషి. కళ్లజోడుకి దారం కట్టి మెడలో వేసుకున్నారు. చొక్కా జేబులో పంటి డాక్టర్లు వాడే బుల్లి అద్దం ఒకటి.

"ఏసీ రావట్లేదండీ. గ్యాస్ కొట్టాలి" అన్నాను.

"కొట్టాలని ఎవరు చెప్పారండీ?"

"అయిపోతే కొట్టాలి కదా."

"పెట్రోలు అయిపోద్దండి. ఏసీ గ్యాస్ అయిపోదు. ఎటో పోతంది. కిందటిసారి కొట్టిస్తే ఎన్నాళ్లు చల్లగా వచ్చింది?"

"ఇరవై రోజులు."

"దాని ముందు?"

"నెలన్నర."

"అయితే కన్నం పెద్దదవుతందన్నమాట. నేనిప్పుడు కొడితే పది రోజులొస్తది. ఆ పది రోజులూ నన్ను పొగుడుతారు. పదకొండో రోజు తిడతారు. రెండూ వద్దండి నాకు. కన్నం దొరికేదాకా నేను గ్యాస్ కొట్టను."

నాకు చిరాకేసింది. గురువారం ఆసుపత్రికి వెళ్లాలని, ముందు చల్లగా వచ్చేట్టు చేస్తే కన్నం సంగతి తరవాత చూడొచ్చని గట్టిగానే అన్నాను. ఆయన తొణకలేదు. "మీరేం ఉద్యోగం చేశారండీ?" అని అడిగారు.

"ఇరిగేషన్లో."

"మరి కాలవకి గండి పడితే ఏం చేసేవారు సార్? గండి పూడ్చేవారా, పైనుంచి ఇంకాస్త నీళ్లొదిలేవారా?"

కారులో కూర్చున్న మా ఆవిడ పకపకా నవ్వింది. ఆ నవ్వు విని నెలలైంది.

ఆవిడని నీడన కూర్చోబెట్టి, టేబుల్ ఫ్యాను అటు తిప్పి, నిమ్మకాయ సోడా తెప్పించారు. ఆవిడ వద్దంది. "మా షెడ్డులో తాగరా అమ్మా?" అన్నారాయన కాస్త నొచ్చుకుంటూ. నేను సంగతి చెప్పాను. ఆయన సీసా అందుకుని లోపలికి తీసుకెళ్లిపోయారు. మళ్లీ ఎప్పుడూ ఏమీ ఇవ్వజూపలేదు. మూడో నాలుగో సారి వెళ్లినప్పుడు మా ఆవిడ నాకు చెప్పింది: "చూశారా, ఆయన నా ముందు నీళ్లు తాగరు." అప్పుడు గమనించాను. దాహమేస్తే సీసా పట్టుకుని షెడ్డు వెనక్కి వెళ్లేవారు. మూతి తుడుచుకుని వచ్చేవారు.

ఆయన పని చూడటం బాగుండేది. బానెట్ ఎత్తాక చాలాసేపు దేన్నీ ముట్టుకునేవారు కాదు. టార్చిలైటు వేసి, ఆ బుల్లి అద్దంతో పైపుల కిందివైపు, వెనకవైపు చూసేవారు. "గ్యాస్ కంటికి కనపడదండి. కానీ ఒంటరిగా పోదు. లోపలి ఆయిల్‌ని వెంట తీసుకుపోద్ది. ఆయిల్ మీద దుమ్ము అంటుకుంటది. అన్నిచోట్లా పొడి దుమ్ముండి ఒకచోట తడి దుమ్ముంటే, అక్కడ మన పని ఉన్నట్టు."

అది తేలాక సిలిండర్ తగిలించి పైపుల్లోకి నైట్రోజన్ ఎక్కించేవారు. తరవాత ఒక గిన్నెలో కుంకుడుకాయ రసం చిలికి, ఆ నురుగు పెయింటు బ్రష్షుతో జాయింటు జాయింటుకీ పూసేవారు. సబ్బు నురుగు తొందరగా ఆరిపోతుందట, కుంకుడు నురుగు నిలబడుతుందట. పూశాక ఎవరూ మాట్లాడకూడదు. "మాట్లాడితే కన్ను మాటవైపు పోద్దండి" అనేవారు. ముగ్గురం ఊపిరి బిగబట్టి నురుగుకేసి చూస్తూ ఉండేవాళ్లం. ఆ మొదటి రోజు కంప్రెసర్ దగ్గర రబ్బరు గొట్టం మొదట్లో కందిగింజంత బుడగ ఒకటి లేచి, ఉబ్బి, పగిలింది. మళ్లీ అక్కడే ఇంకోటి. "రండమ్మా, మీరూ చూడండి" అని ఆవిడని పిలిచి చూపించారు. పిల్లవాడి మొదటి పన్ను చూపించినంత సంబరంగా చూపించారు.

షెడ్డు వెనక గోడకి బడి నల్లబల్లలా నల్లరంగు వేయించి ఉండేది. ఏ కారుకి ఎక్కడ కన్నం దొరికిందో దాని మీద సుద్దముక్కతో రాసేవారు. గుండ్రటి ముత్యాల్లాంటి అక్షరాలు. "డాక్టర్లకి చీటీ ఉంటది, నాకు గోడ ఉందండి. రేపు నేను లేకపోయినా, ఈ బండి ముట్టుకునేవాడు ఇది చదివి ముట్టుకోవాలి." మా వరసలో రాశారు: పామర్రు తెల్ల కారు. కంప్రెసర్ గొట్టం.

మా ఆవిడ ఊరికే కూర్చునే మనిషి కాదు. మంగళగిరి నేతవాళ్లింటి పిల్ల. మేస్త్రిగారు రంగురంగుల బనీను ముక్కలతో పైపులు తుడుస్తుంటే రెండోసారికే ఉండబట్టలేకపోయింది.

"ఇన్ని రంగుల మీద నూనె మరక ఏం కనపడుద్ది మేస్త్రిగారూ?"

"ఆటోనగర్లో ఇవే దొరుకుతాయమ్మా."

"మా నాన్న మగ్గం మీంచి పంచె దించగానే గుమ్మంలో వెలుతురుకి పట్టి జానెడు జానెడు చూసేవాడు. మగ్గం నూనె చుక్క పడితే షావుకారు వెనక్కి పంపేవాడు మరి. మరక వెతకాలంటే తెల్లగుడ్డ ఉండాలి."

"అయితే తెచ్చిపెట్టండి" అన్నారాయన నవ్వుతూ.

నిజంగానే తెచ్చింది. మంగళగిరిలో వాళ్ల తమ్ముడి బట్టల కొట్టు నుంచి తెల్ల తుండుముక్కలు ఒక మూట. ఆయన దాన్ని రెండు చేతులతో అందుకుని, పాత బ్యాటరీ పెట్టె ఒకటి తుడిచి, అందులో దాచారు. కష్టమైన కార్లకే వాడేవారు. "అమ్మగారి గుడ్డ తియ్యాల్సొచ్చింది" అన్నారంటే ఆ బండికి రోగం ముదిరిందని అర్థం.

ఇక నా తప్పు సంగతి రాయాలి.

మరుసటి వేసవికి మళ్లీ చల్లదనం తగ్గడం మొదలైంది. ఒక కన్నం దొరికితే ఇంకోటి లేదని కాదని ఆయన ముందే చెప్పారు. వెళ్లి చూపించాల్సింది. ఏలూరులో పెళ్లికి వెళ్లి వస్తూ హనుమాన్ జంక్షన్ దగ్గర భోజనానికి ఆగాం. పక్కనే ఏసీ షాపు. షాపతను గ్యాస్‌తోపాటు లీకు మందు అని ఒక సీసా చూపించాడు. లోపల పోస్తే కన్నం ఎక్కడున్నా అదే వెతుక్కుని మూసేస్తుందట. అరగంటలో పని. మర్నాడు సోమవారం. పోయించేశాను. "మేస్త్రిగారిని ఒక మాట అడిగితేనో" అంది మా ఆవిడ. "ఆయనైతే రెండు రోజులు నురుగు చూస్తూ కూచోబెడతాడు" అన్నాను.

ఎనిమిది రోజులు చల్లగా వచ్చింది. తొమ్మిదో రోజు ఆసుపత్రికి వెళ్తుంటే ఉయ్యూరు దాటగానే ఆగిపోయింది. కంకిపాడు దగ్గర రెండో పంట దాళ్వా ధాన్యం లారీలు అడ్డంపడి ముప్పావుగంట కదల్లేదు. ఐసుముక్కలు అయిపోయాయి. "ఒక్క గుక్క ఇవ్వండి" అంది. సీసా ఇచ్చాను. ఒక్క గుక్కతో ఆపలేదు. నేను లాక్కోలేకపోయాను. ఆ రోజు మిషను మీద అంత నీరు ఒక్కసారే తీసేసరికి ఆవిడ కాళ్లు కొంకర్లు పోయాయి. వరండాలో ఉన్న నాకు అరుపు వినిపించింది. పెళ్లయిన ముప్ఫై అయిదేళ్లలో ఆవిడ అరవగా వినడం అదే మొదటిసారి.

మర్నాడే షెడ్డుకి వెళ్లాం. ఆయన గ్యాస్ ఒత్తిడి చూసే గేజి తగిలించి చూశారు. విప్పి మళ్లీ తగిలించారు. ముల్లు సరిగ్గా కదలడం లేదు. గేజి గొట్టం ఊడదీసి మూతి చూస్తే తెల్లటి బంక.

"ఎవరన్నా ఇందులో లీకు మందు పోశారా సార్?"

"లేదే" అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. అరవై ఏళ్లు దాటిన మనిషిని, కాలవ గట్ల మీద ఎంతమంది అబద్ధాలో పట్టుకున్నవాణ్ణి. నోట్లోంచి అలా వచ్చేసింది.

"పోయించారండీ," అంది మా ఆవిడ స్టూలు మీంచి. "హనుమాన్ జంక్షన్లో. చెప్పడానికి ఆయనకి మొహం చెల్లట్లా."

మేస్త్రిగారు నావైపు చూడలేదు. ఆ మందు గాలి తగిలిన చోటల్లా గడ్డకడుతుందట. మా పైపుల్లోనే కాదు, ఆయన గేజిలోనూ గడ్డకట్టింది. దాన్ని పక్కన పెట్టేసి ఇంకోటి తీశారు. అది తగిలిస్తూ నెమ్మదిగా అన్నారు: "కారు అబద్ధం ఆడదండి. మనిషి ఆడాడనుకోండి, నేను తప్పుచోట వెతుకుతూ కూచుంటా. ఈలోగా అమ్మగారికే కదండీ కష్టం."

అంతే. ఆ తరవాత ఆ మాట ఎత్తలేదు. గోడ మీద మాత్రం రాశారు: మందు పోయించారు. "మీ తప్పు గోడెక్కిందండీ" అని మా ఆవిడ ఇంటికొచ్చేదాకా నవ్వుతూనే ఉంది. కొంకర్లు పోయిన కాళ్లు ఒకపక్క ఒత్తుకుంటూనే.

పైపులన్నీ కడిగి శుభ్రం చేయడానికి వారం పట్టింది. అప్పుడు మొదలైంది అసలు వెతుకులాట. నురుగు పూస్తే ఎక్కడా బుడగ లేదు. అద్దంతో చూస్తే ఎక్కడా తడి లేదు. గ్యాస్ మాత్రం పోతోంది. రోజంతా చూసి ఆయన బ్యాటరీ పెట్టె తెరిచారు. కారు కింద, ఏసీ నీళ్లు బొట్లుబొట్లుగా కారే గొట్టం ఒకటుంటుంది. దాని మూతికి తెల్లగుడ్డ చుట్టి కట్టారు. రెండు గంటల తరవాత విప్పితే తడిసింది తప్ప నా కంటికేమీ కనపడలేదు. ఆయనా పెదవి విరిచారు.

"ఇటివ్వండి" అని మా ఆవిడ లేచింది. గుడ్డ పిండి, దులిపి, షెడ్డు గుమ్మంలోకి వెళ్లి ఎండకి పట్టింది. జానెడు జానెడు జరుపుతూ చూసింది. ఒకచోట ఆగింది. "ఇదిగో" అంది. గోరంత పసుపు జీర. నీళ్ల మరక కాదు, నూనె మరక.

మేస్త్రిగారు కళ్లజోడు పెట్టుకుని చూశారు. తరవాత ఆవిడకేసి చూసి, "మీ నాన్నగారు బతికుంటే నా షెడ్డులో పెట్టుకునేవాణ్ణమ్మా" అన్నారు.

"మా నాన్న వచ్చేవాడు కాదు. మీ నురుగు పల్చగా ఉందని వంకలు పెట్టేవాడు."

అంటే కన్నం ఆ నీళ్లు పుట్టే చోటే, డ్యాష్‌బోర్డు వెనక కూలింగ్ కాయిల్లో ఉంది. డ్యాష్‌బోర్డు మొత్తం ఊడదీయాలి. మంగళవారం మొదలుపెట్టారు. గురువారానికి కారు కావాలి. "అయిపోద్ది" అన్నారు. బుధవారం మధ్యాహ్నం నన్ను కొత్త కాయిల్ కోసం పంపారు. మా పాత మోడలుకి సరిపోయేది నాలుగు కొట్లు తిరిగితే గానీ దొరకలేదు. వచ్చేసరికి మా ఆవిడ ఒళ్లో తెల్లగుడ్డ పెట్టుకుని సన్నగా పేలికలు చింపుతోంది. ఆయన ఆయిల్ డబ్బా రేకు కత్తిరిస్తున్నారు. నన్ను చూడగానే ఇద్దరి మాటా ఆగింది.

"ఏమిటది?" అన్నాను.

"చప్పుడు రాకుండా రేకుకి చుట్టడానికండీ" అన్నారాయన. మా ఆవిడ తలెత్తలేదు. నేను కాయిల్ దొరికిన సంతోషంలో ఉన్నాను.

సాయంత్రానికి చల్లగాలి వచ్చింది. ఆయన తెల్లగుడ్డతో గోడ మీద నా నేరం తుడిచేసి, అక్కడ కూలింగ్ కాయిల్ అని రాశారు.

ఆ తరవాత ఏడాదిన్నర ఏసీ ఆగలేదు. ఆ రోజులు ఇప్పుడు తలుచుకుంటే పండగల్లా ఉంటాయి. ఆసుపత్రికి వెళ్లే దారులే అవి, అయినా. పామర్రు దాటగానే ఆవిడ తన ముందున్న గాలికి మొహం పెట్టి కళ్లు మూసుకునేది. ఉయ్యూరులో ఒక ఐసుముక్క, కంకిపాడులో ఒకటి. ఆసుపత్రి దగ్గర ఫ్లాస్కు ఊపి శబ్దం వినిపించేది, ఇంకా మిగిలాయని. తిరిగొచ్చేటప్పుడు ఆవిడ బాగా నీరసంగా ఉండేది. నేను ఏసీ ఇంకో గీత పెంచేవాణ్ణి. "బాగుందా?" అంటే "బాగుంది" అనేది. ఆసుపత్రి గేటు దాటుతుండగానే తన ముందున్న చిన్న అర తెరిచి లోపల చెయ్యి పెట్టి ఏదో సర్దుకునేది. మాత్రలనుకునేవాణ్ణి.

కిందటేడు కార్తీకమాసంలో ఒక సోమవారం అలాగే వెళ్లి అలాగే తిరిగొచ్చాం. బుధవారం పొద్దున ఆవిడ లేవలేదు.

కర్మలన్నీ అయ్యాక వాళ్ల తమ్ముణ్ణి మంగళగిరిలో దింపడానికి కారు తీశాను. అతను ఎడమ సీట్లో కూర్చున్నాడు. "బావా, ఇటువైపు గాలి రావట్లేదు" అన్నాడు. చెయ్యి పెట్టి చూశాను. నావైపు చల్లగా వస్తోంది. అటు చుక్క గాలి లేదు. మళ్లీ ఎక్కడో పోతోందనుకున్నాను. బాగుచేయించి ఎవరిని ఎక్కించుకుంటానో తెలియదు. అయినా మర్నాడు షెడ్డుకే వెళ్లాను. అలవాటు.

ఆవిడ పోయిన సంగతి నేను ఆయనకి చెప్పలేదు. కారు ఆగగానే ఆయన స్టూలు తీసుకుని ఎడమ తలుపు దగ్గరికి వచ్చారు. సీటు చూశారు. నన్ను చూశారు. "ఎప్పుడు సార్?" అన్నారు. చెప్పాను. ఆ స్టూలు మీద ఆయనే కూర్చున్నారు. కొంతసేపటికి లేచి నీళ్ల సీసా తీసుకుని షెడ్డు వెనక్కి వెళ్లారు. ఆ రోజు కూడా వెనక్కే వెళ్లారు.

వచ్చాక ఎడమవైపు గాలి రావట్లేదని చెప్పాను. ఆయన బానెట్ ఎత్తలేదు. గేజి తీయలేదు. ఎడమ సీటు ముందున్న చిన్న అర తెరిచారు. లోపల పైభాగంలో, వంగి చూస్తే గానీ కనపడని చోట, నల్లటి చిన్న బొత్తం ఉంది. బయటికి లాగి ఉంది.

"లీకు లేదు సార్. మూసి ఉంది. అంతే."

నాకు అర్థం కాలేదు.

"మీరు కాయిల్ కోసం వెళ్లినప్పుడు అమ్మగారు అడిగారండీ. 'వెళ్లేటప్పుడు చల్లగాలి లేకపోతే నాలిక పిడచగట్టుకు పోద్ది మేస్త్రిగారూ, వచ్చేటప్పుడు మాత్రం ఎముకల్లోంచి వణుకొస్తది. ఈయనేమో పాపం నాకోసం ఇంకా ఇంకా పెంచుతారు. వద్దంటే చిన్నబోతారు, దీనికోసమే కదా ఇంత తిరిగింది. నావైపు నేనే ఆపుకునేట్టు, ఆయనకి తెలీకుండా ఏదన్నా పెట్టగలరా' అన్నారు. పాత బండ్లలో చోక్ లాగే వైరొకటి ఉంటే బిగించానండి. గాలిగొట్టంలో రేకు పెట్టి, గాలి సందు లేకుండా ఆవిడ చింపిన గుడ్డ చుట్టాను. లాగితే మూసుకుంటది. నొక్కితే తెరుచుకుంటది."

డయాలసిస్ అయ్యాక చలి వేస్తుందని నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. "బాగుందా" అని అడిగాను. అది అడగడం కాదని ఇప్పుడు తెలుస్తోంది.

"నాతో ఎందుకు చెప్పలేదు మీరు? అబద్ధం ఆడకూడదన్నది మీరే కదా" అన్నాను. గొంతు పెరిగింది.

"చెప్పొద్దన్నారు సార్" అన్నారాయన. "కన్నమైతే చెప్పేవాణ్ణండి. ఇది కన్నం కాదు" అన్నారు.

బొత్తం మీద వేలు పెట్టి, "తెరవమంటారా?" అని అడిగారు. నేను ఖాళీ సీటుకేసి చూశాను. ఆయన కాసేపు చూసి వేలు తీసేసి, అర తలుపు మూశారు. ఇద్దరం టీ తాగాం. ఆయన డబ్బాలోంచి సుద్దముక్క తీసుకుని గోడ వైపు వెళ్తుంటే నేను కారు తీసుకుని వచ్చేశాను. ఆయన్ని చూడటం అదే చివరిసారి.

ఆ రోజు దారిలో కోపమొచ్చింది, సిగ్గేసింది. పామర్రు వచ్చేసరికి ఒక్క మాట మిగిలింది. ఆ ఏడాదిన్నరా ఆవిడ నా పక్కన వణుకుతూ కూర్చోలేదు. అది నావల్ల జరిగిన మేలు కాదు. ఆయనవల్ల జరిగింది. ఈ నాలుగు మాటలూ రాసింది అందుకే.

మేస్త్రిగారి పెద్దకర్మ అయిన మర్నాడు షెడ్డుకి వెళ్లాను. అల్లుడు తలుపులు తీసి సామాను సర్దుతున్నాడు. ఫోన్లో చెప్పలేకపోయిన మాట ఆ రోజు చెప్పాను. "ఇకనుంచి నేనే చూస్తానండీ" అన్నాడు. నా కారుకేసి చూసి, "పామర్రు తెల్ల కారు మీదేనాండీ? గోడ మీద రాసింది నాకర్థం కాలేదు" అంటూ లోపలికి తీసుకెళ్లాడు.

కంప్రెసర్ గొట్టం, కూలింగ్ కాయిల్. వాటి కింద అవే గుండ్రటి అక్షరాలు: ఎడమ గాలి రాదు. లీకు కాదు. ముట్టుకోవద్దు.

"గాలి రాకపోతే చూడొద్దనడమేంటండీ? చిన్న పనే అయి ఉంటది. ఓసారి చూసేదా?" అన్నాడతను.

"మీ మామగారు రాసిందే కరెక్టు బాబూ. ఆ వరస తుడవకు" అన్నాను.

తలూపాడు. బ్యాటరీ పెట్టెలో తెల్లగుడ్డలు ఇంకా సగం ఉన్నాయి.

కంకిపాడు దాటేసరికి ఎండ తిరిగింది. నా చెంపకి చల్లగా తగులుతోంది. ఎడమ సీటు మీద ఎండ పడి, అక్కడి గాలి వెచ్చగా, కదలకుండా ఉంది. చెయ్యి చాపి చిన్న అర తెరిచాను. బొత్తం బయటికే ఉంది, కార్తీకమాసంలో ఆ సోమవారం ఆవిడ లాగినంత మేర.